మెల్లగా మడమ దించండి

“నరం పట్టేసిందండీ. కాస్త నొక్కి పంపించేయండి, సాయంత్రం మ్యాచ్ ఉంది” అన్నాడతను, బూటు కూడా విప్పకుండా.

ఆ మాటలో మూడు తప్పులున్నాయని చెప్పింది ఫిజియోథెరపీ గదిలో ఉన్న అమ్మాయి. పట్టేసింది నరం కాదు. నొక్కితే పోదు. సాయంత్రం మ్యాచ్ లేదు.

మ్యాచ్ ఉందని, కావాలంటే క్లబ్బు నోటీసు బోర్డు చూసుకోవచ్చని అతను వాదించబోయాడు. ఉంటే ఉండొచ్చు, అందులో మీరు లేరు అని ఆమె తేల్చేసి, బూటు విప్పి మంచం మీద బోర్లా పడుకోమంది. ఇంతవరకూ ఎవరి మాటా వినని మనిషి, ఎందుకో నోరు మూసుకుని పడుకున్నాడు.

అతను ఊళ్ళో ఒక క్రీడాసామగ్రి దుకాణంలో రాకెట్లకు గట్, అంటే వలలా అల్లే తీగ, వేస్తాడు. సాయంత్రాలు క్లబ్బులో షటిల్ ఆడతాడు. గాల్లోకి ఎగిరి కొట్టే దెబ్బ చూసి క్లబ్బువాళ్ళు స్మాష్ అని పేరు పెట్టారు. ఆ పేరు ఎంతగా అతుక్కుపోయిందంటే, అసలు పేరుతో పిలిస్తే అతను ఒక్కోసారి వెనక్కి తిరిగి ఇంకెవర్నో పిలుస్తున్నారనుకుంటాడు. డబుల్స్‌లో అతని జోడీ బావ, అంటే అక్క భర్త. లీగ్ ఫైనల్ దగ్గరపడుతోందని బావాబావమరుదులిద్దరూ ఉన్నట్టుండి పూనకం వచ్చినట్టు పొద్దున్నా సాయంత్రమూ ఆడటం మొదలుపెట్టారు.

ఆమె ఒక్కొక్కటే అడిగింది. అతను గర్వంగా జవాబులు చెప్పాడు. ఎక్కడ ఆడుతున్నారు? గట్టి సిమెంటు నేల మీద. బూట్లు? అరిగిపోయినవే, కానీ అచ్చొచ్చినవి. ఆటకు ముందు ఒళ్ళు వెచ్చబడేలా ఏమైనా చేస్తారా? బావతో పోట్లాడతాను. పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేస్తే ఎలా ఉంటుంది? కుంటుతాను, పళ్ళు తోముకునేసరికి సర్దుకుంటుంది. ఎన్నాళ్ళుగా? అది మాత్రం అతను కాస్త గొంతు తగ్గించి చెప్పాడు.

ఆమె మడమకు పైన ఉన్న తాడులాంటి దాన్ని రెండు వేళ్ళ మధ్య పట్టి నొక్కింది. అరవకూడదని అతను దారిలోనే గట్టిగా అనుకుని వచ్చాడు. ఆ నిర్ణయం అక్కడితో సరి.

“ఇది నరం కాదు. పిక్క కండరాన్ని మడమ ఎముకకు కట్టే తాడు. స్నాయువు అంటారు.”

తల నుంచి కాలి దాకా మా ఇంట్లో అన్నిటినీ నరం అనే అంటారని అతను చెప్పాడు. ఈ గదిలో అనరని ఆమె చెప్పింది. అన్నప్పుడల్లా వ్యాయామం అదనంగా చేయాలని షరతు పెట్టింది. మొదటి రోజే అతను బోలెడంత అదనం సంపాదించుకున్నాడు.

వ్యాయామం చూడటానికి చాలా తేలిక. మెట్టు అంచున మునివేళ్ళ మీద నిలబడాలి. రెండు కాళ్ళ మీద పైకి లేవాలి, నొప్పి ఉన్న ఒక్క కాలి మీద మడమను కిందికి దించాలి. మెల్లగా. ఆ మెల్లగా అనే మాట దగ్గరే అతనికి ప్రాణం పోయేది. పుట్టి బుద్ధెరిగాక అతను మెల్లగా చేసిన పని ఒక్కటీ లేదు. ఆమె పక్కనే నిలబడి లెక్కపెట్టేది. ఆమె ‘ఒకటి’ అన్నాక ‘రెండు’ అనడానికి పట్టే సమయంలో మనిషి నిక్షేపంగా ప్రేమలో పడొచ్చు. అతను పడ్డాడు.

రెండోసారి వచ్చినప్పుడు అతనికో సందేహం వచ్చింది. దుకాణంలో తను వేసే గట్ వాడేకొద్దీ వదులవుతుంది. ఎక్కువ లాగితే పుటుక్కుమంటుంది. మరి నొప్పి ఉన్న దాని మీదే ఇలా బరువు వేయడమేమిటి? ఆమెకు ఈ ప్రశ్న నచ్చింది. గట్ ఎలా వేస్తారో చెప్పమని కుర్చీ లాక్కుని కూర్చుంది. అతను చేతులు తిప్పుతూ మిషన్ సంగతి, బిగించే సంగతి, రాత్రి వేసిన గట్ పొద్దుటికి కొంచెం జారే సంగతి అన్నీ చెప్పాడు. జీవితంలో ఇంత శ్రద్ధగా తన ఉద్యోగం గురించి విన్న మనిషి అతనికి ఇంతవరకూ తారసపడలేదు.

“గట్‌కి ప్రాణం లేదు, దీనికి ఉంది” అంది ఆమె. “పూర్తిగా పడుకోబెడితే నీరసపడుతుంది. ఒక్కసారిగా మీద పడితే తెగుతుంది. కొంచెం కొంచెంగా బరువు అలవాటు చేస్తే గట్టిపడుతుంది. ఓపికున్నవాళ్ళకే లొంగుతుంది.”

“మీరు చెప్పేది స్నాయువు గురించేనా?”

ఇంక దేని గురించి అంటూ ఆమె గోడ మీది బొమ్మ వైపు తిరిగింది. ఆ బొమ్మలో అంతసేపు చూడాల్సినంత ఏమీ లేదు.

ఆ వారమే అతను కాఫీకి వస్తారా అని అడిగేశాడు. పేషెంట్లతో కాఫీ తాగనని ఆమె చెప్పింది. మరి ఎప్పటికి పేషెంటు కాకుండా పోతానని అడిగాడు. పొద్దుటి బిగుతు పోవాలి, రెండు పిక్కల్లో బలం సమానం కావాలి, ఆ కాలి మీద ఒక్కదాని మీదే నొప్పి లేకుండా గెంతి చూపించాలి అంది. అతను వింటున్నంతసేపూ కాఫీ వాసన వచ్చినట్టే ఉంది.

ఇక తొందర మొదలైంది. ఫైనల్ సంగతి బావ గుర్తు చేస్తే తప్ప గుర్తుకు రావడం లేదు. ఒక వానరోజు అతను నొప్పి మాత్ర మింగి, నవ్వు మొహంతో వచ్చి, పూర్తిగా తగ్గిపోయింది గెంతుతాను చూడండి అన్నాడు. గెంతాడు కూడా. దిగేటప్పుడు నవ్వు అలాగే ఉంది గానీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆమె ఆ కళ్ళను చూసింది, కాలిని చూసింది, ఏం మింగి వచ్చారని అడిగింది.

అతను చెప్పాక ఆమె మెత్తగా మాట్లాడలేదు. కిందటేడు ఒక పరుగు పందెం ఆటగాడు ఇలాగే మాత్రలు మింగి దిగాడట. మధ్యలో చప్పుడు వినబడింది. వెనక నుంచి ఎవరో తన్నారనుకుని తిరిగి చూశాడు, వెనక ఎవరూ లేరు. ఆపరేషనయ్యాక నడుస్తున్నాడు గానీ పరుగు మానేశాడు. 

“ఒక్క మ్యాచ్ కోసం ఇంత పిచ్చేమిటండీ?”

“మ్యాచ్ కోసం కాదు. కాఫీ కోసం.”

ఆమె కిటికీ వైపు తిరిగిపోయింది. బయట వాన కుండపోతగా కురుస్తోంది. ఆ వానకే నవ్వుకుంటున్నట్టు ఆమె భుజాలు కదిలాయి. కాసేపటికి మొహం సరిచేసుకుని ఇటు తిరిగి, ఇంకోసారి అబద్ధమాడితే వేరే ఫిజియో దగ్గరికి పంపించేస్తానని బెదిరించింది.

అతను ఒక్క క్షణం ఆలోచించి, “పంపించేయండి. అప్పుడు మీ పేషెంటుని కాను కదా” అన్నాడు.

ఆమె బల్ల మీది టవల్ మడత పెట్టింది, విప్పింది, మళ్ళీ మడత పెట్టింది.

“పంపను” అంది చివరికి. “వాళ్ళు తొందరపడి గెంతిస్తారు.”

ఆ రోజు అతను గొడుగు చేతిలో పట్టుకుని, తెరవడం మరిచిపోయి, తడిసి ముద్దయి ఇంటికి చేరాడు.

అక్కకు విషయం అర్థమవడానికి ఆ తడిసిన మొహం చాలు. తమ్ముడికి చెప్పకుండా ఆదివారం నాడు ఆ అమ్మాయి వాళ్ళింటికి వెళ్ళింది. తల్లి లేని పిల్ల. తండ్రి బస్సు డిపోలో మెకానిక్కు. అక్క తమ్ముడి గుణగణాలన్నీ ఏకరువు పెట్టింది. ఆయన బాగానే విన్నారు, అబ్బాయి మా అమ్మాయికి ఎలా తెలుసని అడిగారు. అక్కడే వచ్చింది చిక్కు.

“ఏం లేదండీ, మావాడికి కొంచెం నరం వీకు. మీ అమ్మాయి దగ్గరే చూపించుకుంటున్నాడు” అంది అక్క, చాలా కలుపుగోలుగా.

ఆయన మొహంలో రంగు మారింది. ఆలోచించి చెబుతామని మర్యాదగా గుమ్మం దాకా సాగనంపారు. కూతురు ఇంటికి రాగానే, నరాల జబ్బున్న అబ్బాయట, నిజమేనా అని అడిగారు. ఆమెకు ఒకే ఒక్క మాటతో తేలిపోయే సంగతి. కానీ ఏ పేషెంటు గురించీ బయట నోరు విప్పకపోవడం ఆమె వృత్తిలో నియమం. ఆ నియమం ఇంటికి కూడా వర్తిస్తుందని మొదటినుంచీ తండ్రికి నూరిపోసింది కూడా ఆమే. పేషెంట్ల గురించి నేను చెప్పకూడదు నాన్నా అంది. ఆయనకు అనుమానం కాస్తా ఖాయమైపోయింది. చెప్పలేనంత జబ్బన్నమాట అనుకుని, ఆ సంబంధం ఊసెత్తొద్దన్నారు.

అక్క తను చేసిన ఘనకార్యం తెలిసి తల పట్టుకుంది. అతనైతే వెంటనే వెళ్ళి వాళ్ళ నాన్నతో మాట్లాడతానన్నాడు. ఆమె వద్దంది. జబ్బు లేదని చెప్పడానికి కుంటుకుంటూ వెళితే నమ్మేవాళ్ళెవరూ ఉండరని అంది. ముందు కాలు, తర్వాత నాన్న. ఆ మాట అంటున్నప్పుడు ఆమె నవ్వలేదు. తండ్రి కాదంటే ఆమె ఆ మాట దాటి రాదని అతనికి అప్పుడు అర్థమైంది.

ఫైనల్ రోజు రానే వచ్చింది. కాలు చాలావరకు కుదుటపడింది. మెల్లగా పరిగెడుతున్నాడు, తేలిగ్గా ఆడుతున్నాడు, ఎగరడానికి మాత్రం ఇంకా అనుమతి లేదు. అతని బదులు క్లబ్బు సెక్రటరీ ఆడాలి. ఆయనేమో వానలో ఎక్కడో ఇరుక్కుపోయాడు. రేకుల కప్పు మీద వాన దరువేస్తుంటే, బావ రాకెట్ పట్టుకుని బెంచీ దగ్గరికి వచ్చి బతిమాలాడు. ఒక్క మ్యాచ్, ఎగరకుండా ఆడు, కప్పు మన చేతిలో ఉంది అన్నాడు. చివరికి నువ్వు నా బావమరిదివి కాదనేదాకా వెళ్ళాడు.

“కోర్టులోకి దిగితే ఎగరకుండా ఉండలేను బావా. నా సంగతి నాకు తెలుసు. ఆడను.”

బావ విసవిసా వెళ్ళిపోయాడు. బెంచీ మీద పక్కన కూర్చున్న పెద్దాయన ఇదంతా వింటూనే ఉన్నారు. డాక్టరు వద్దందా బాబూ అని అడిగారు.

డాక్టరు కాదండీ ఫిజియో అంటూ మొదలుపెట్టి అతను ఇక ఆగలేదు. ఆమె ఎంత బాగా చెబుతుందో, ఎంత బాగా తిడుతుందో, కొత్త బూట్లు ఎలా కొనిపించిందో, ఆట ఒక్కసారిగా పెంచకూడదని, పిక్కలకు బలం ఉంటే మడమ మీద భారం తగ్గుతుందని, పొద్దున బిగుతుగా ఉంటే ఆ రోజు తగ్గించి ఆడాలని ఎలా నూరిపోసిందో అంతా చెప్పాడు. ఆమె నవ్వు గురించి కూడా చెప్పాడు, అది వైద్యంలో భాగం కాకపోయినా.

“ఇంతకీ నీ జబ్బేమిటి?” అన్నారాయన.

అతను ఆయన్ని చెప్పు విప్పమని, ఆయన వేళ్ళతోనే ఆయన మడమ మీది తాడును పట్టించాడు. ఇదేనండీ, ఇది వాచింది, దీన్నే మా అక్క నరం అంటుంది అన్నాడు. ఆయన దాన్ని అటూ ఇటూ కదిపి చూసుకున్నారు. పాదం పైకీ కిందికీ ఆడించి చూసుకున్నారు. మొహం మెల్లగా విప్పారింది.

“అంటే వైరింగ్ కాదు. క్లచ్ కేబుల్.”

“అంతేనండీ.”

“వైరింగ్ పోతే బండి షెడ్డుకే. కేబుల్‌దేముంది, ఓపిగ్గా సర్దితే ఏళ్ళు నడుస్తుంది.” ఆయన చెప్పు తొడుక్కుని లేచారు. “ఆ ఫిజియో మా అమ్మాయే బాబూ. మీ అక్కగారు చెప్పిన జబ్బు మనిషిని కళ్ళారా చూద్దామని వచ్చాను.”

అతను గబుక్కున లేచి నమస్కారం పెట్టాడు. ఈలోగా సెక్రటరీ నీళ్ళు కారుతూ పరిగెత్తుకొచ్చాడు. మ్యాచ్ జరిగింది, బావ జట్టు చిత్తుగా ఓడింది. బావ చాలా రోజులు మాట్లాడలేదు. కప్పు పోయినందుకు అతనికి నిజంగానే బాధేసింది గానీ, ఆ బాధ మీద ఎంతోసేపు మనసు నిలవలేదు.

కొన్ని వారాల తర్వాత ఒక మధ్యాహ్నం అతను ఆ గదిలో ఒంటికాలి మీద గెంతాడు. ఆమె చాలనేదాకా గెంతాడు. ఆమె రెండు వేళ్ళతో మడమ పైన నొక్కి, అతని కళ్ళలోకి చూసింది. నీళ్ళు లేవు. ఇక మీరు రానక్కర్లేదు అంది. ఇన్నాళ్ళూ ఎదురుచూసిన మాట వినగానే అతనికి భయమేసింది. ఆమె చేతులు కడుక్కుని, కోటు విప్పి కొక్కేనికి తగిలించి, సంచీ భుజాన వేసుకుని, “పదండి, కాఫీ తాగుదాం” అంది.

కాఫీ షాపులో వాళ్ళ నాన్న ఏమన్నారో చెప్పింది. కుర్రాడు నచ్చాడట. కానీ కంగారేమీ లేదు, ఒక ఏడాది ఆగండి, ఒకరినొకరు బాగా తెలుసుకోండి అన్నారట.

“ఏడాది కాదు, ఎంతకాలమైనా ఆగుతాను” అన్నాడతను, చాలా హుందాగా. “ఆగడం మీరే నేర్పారు.”

ఆమె కప్పులో చెంచా తిప్పుతూ ఉండిపోయింది. చక్కెర ఎప్పుడో కరిగిపోయింది.

“మీకు నేర్పాను గానీ నాకు రాలేదు” అంది. “ఏడాది నావల్ల కాదు. ఇన్నాళ్ళూ మీరు గుమ్మంలోకి రాగానే ఈయన పేషెంటు, పేషెంటు అని నాకు నేనే చెప్పుకునేదాన్ని. ఇప్పుడు చెప్పుకోవడానికి ఏమీ మిగల్లేదు. మీరంటే నాకు చాలా ఇష్టం.”

అతను తన కప్పును ఆమె కప్పు పక్కకు జరిపాడు.  అక్కకు ఫోన్ చేయమని ఆమె అడిగింది. అతను నంబరు నొక్కాడు. అవతల అక్క ఎత్తి హలో అనేలోపు ఆమె అతని చేతిలోంచి ఫోన్ తీసుకుంది.

“వదినా, నేనే. రేపు మా ఇంటికి ఇంకోసారి వస్తారా?”