సోమవారాన్నమ్మేశాను

"సోమవారాన్నమ్మేశాను!"

గురువారం పొద్దున్న ఏడింటికి నడవాలోని ఫోన్లో మలాకీ టియర్నీ అరిచిన మాట ఇది. ఆ లైన్లో అరవకపోతే అవతలికి గాలే తప్ప మాట పోదు. ఇందులో 'న' ఒకటుందా, రెండున్నాయా అన్నది వినేవాళ్ళ చెవిని బట్టి ఉంటుంది. వంటింటి తలుపు దగ్గర జపమాల తిప్పుతున్న అతని అత్తగారు డెలియాకి ఎనభై మూడేళ్ళు. పనిచేసే చెవి ఒకటే. ఆ ఒంటిచెవికి వినపడింది ఒంటి 'న'. అమ్మేశాను.

సోమవారం అంటే వారం కాదు, ఆడగుర్రం. దాని తల్లి పేరు ఆదివారం గౌను. ఆదివారానికి పుట్టింది కనక సోమవారం. ఆ సోమవారం ఈ గురువారం బాలిక్రోన్ మైదానంలో, మూడో పందెంలో కంచెలు దూకాలి. పైన కూర్చునేది మలాకీ ఒక్కగానొక్క కూతురు బ్రోనా.

మలాకీది ముప్పై ఏళ్ళుగా ఒకటే పని, గుర్రాలకి జాతకం రాయడం. పందేల రోజున జిల్లా పత్రిక వాళ్ళు వేసే ఒంటికాగితం పన్నెండింటికల్లా మైదానం గేటు దగ్గర దొరుకుతుంది. అందులో ప్రతి గుర్రానికీ అతని రెండు వాక్యాలుంటాయి. ఊరి చావడిలో బీరు ముందు కూర్చున్నవాళ్ళు గుర్రం కోసం కాకపోయినా ఆ వాక్యాల కోసం కొంటారు. ఆ పొద్దున్న ఫోన్లో పత్రిక వాళ్ళకి చదివినవి ఇలాంటివి:

"బిషప్ గారి గొడుగు: పోయినసారి గెలిచింది, అందుకని ఈసారి వీపున బరువు పెంచారు. ఎండలో గొడుగు, వానలో చిల్లు. కొత్త పెళ్ళికొడుకు: ప్రతి కంచె దగ్గరా ఎడమకి వాలుతుంది. ఇక్కడ మలుపులన్నీ కుడికి. పెళ్ళి ఒక ఊళ్ళో, విడిది ఇంకో ఊళ్ళో. మామయ్య మీసం: ఆఖరి నాలుగు పందేల్లో రెండుసార్లు పడింది, ఒకసారి జాకీని పడేసింది, ఒకసారి మధ్యలో ఆపేశారు. మీసం ఉంది, రోషం లేదు."

సొంత ఇంటి గుర్రం గురించి మాత్రం ముప్పై ఏళ్ళలో ఒక్క ముక్క రాయలేదు. 'ఇది మా ఇంటిది, నేను చెప్పకూడదు' అని వదిలేసేవాడు. ఈవేళ రాశాడు. రాసింది చదివాడు. చివరి మాట అత్తగారి చెవిన పడింది.

డెలియా జపమాల జేబులో వేసి వంటింట్లోకి నడిచింది. ఆవిడ కూతురు నోరీన్ సోడా రొట్టె కోస్తోంది. ఆవిడ పేరులోనే నోరుంది.

"నీ మొగుడు మళ్ళీ అమ్మేశాడే."

"ఏం అమ్మాడమ్మా?"

"సోమవారాన్ని. ఫోన్లో ఎవరికో చెప్తున్నాడు. గొంతులో ఎంత సంబరమో!"

కత్తి రొట్టెలో సగం దిగి ఆగిపోయింది.

'మళ్ళీ' అన్న మాట ఆ ఇంట్లో వివరించక్కర్లేదు. ఏడేళ్ళ కిందట బ్రోనా బడి బస్సు దిగి ఇంటికొచ్చేసరికి ఆదివారం గౌను లేదు. ఆరు నెలల పిల్లగుర్రం ఒక్కటే కొట్టంలో గోడలకి గుద్దుకుంటూ మూడు రోజులు అరిచింది. తల్లి కాళ్ళు అయిపోయాయని, ఇక దూకదని తేల్చేసి కాస్టిగన్ అనే గుర్రాల వ్యాపారికి ఇచ్చేశాడు మలాకీ. ఇంట్లో ఎవరికీ ముందు చెప్పలేదు. చెప్పకపోవడం అతని జబ్బు. పత్రికలో చలాకీ, ఇంట్లో మలాకీ. ఊరందరికీ రెండేసి వాక్యాలు పంచేవాడికి ఇంటికొచ్చేసరికి ఒక్కటీ మిగిలేది కాదు. ఆ రోజునుంచి బ్రోనా తండ్రితో నేల గురించీ వాన గురించీ తప్ప మాట్లాడలేదు.

మలాకీ చేతులు రుద్దుకుంటూ వంటింట్లోకి వచ్చాడు. "టీ ఉందా?"

"సోమవారాన్నమ్మేశావటగా?" అంది నోరీన్.

అతని మొహం ఎర్రబడింది. "అప్పుడే ఎవరు చెప్పారు? అత్తయ్య విందా? మధ్యాహ్నం దాకా గుట్టుగా ఉంచుదామనుకున్నా."

"గుట్టుగానా! బ్రోనాకి ఒక్క మాట చెప్పాలనిపించలేదా నీకు?"

"గేటు దగ్గర తనే తెలుసుకుంటుంది. అదే బాగుంటుంది."

"అదే బాగుంటుందా? పోయినసారిలాగా?"

"పోయినసారి నాది పొరపాటే. అందుకేగా ఈసారి..."

"అందుకని ఈసారి కూడానా!"

మలాకీ బిత్తరపోయాడు. "ఇంత కోపం దేనికి? ముప్పై ఏళ్ళలో మొదటిసారి సోమవారాన్నమ్మితే తప్పా?"

"తప్పా అని అడుగుతున్నాడమ్మా!" నోరీన్ రొట్టె కత్తిని బల్లమీద పడేసింది. "గుర్రాల పళ్ళు చూసి వయసు చెప్తావు, కూతురి మొహం చూసి ఏడుపు చెప్పలేవు. కంచె చేను మేసిందని ఎక్కడో వినడమే, ఈ ఇంట్లో రోజూ నెమరేయడం కూడా చూస్తున్నా."

"నేను మైదానానికి పోతున్నా," అన్నాడు మలాకీ. టీ తాగలేదు. అతని పంతం గుర్రప్పందెం కన్నా పొడుగు. ఇన్నాళ్ళకి నమ్మినా వీళ్ళకి ఆలస్యమే అయిందని అతను అనుకున్నాడు. ఆ పొడుపు నిజంగానే గుచ్చుకుంది.

అతను పోయిన పావుగంటకి వాకిట్లో లారీ హారన్ మోగింది. పచ్చ రంగు లారీ, పక్కన 'కాస్టిగన్' అని తెల్ల అక్షరాలు. ఇంట్లో గుర్రాల బండికి అడుగు చెక్క పుచ్చిపోయిందని, సోమవారాన్ని మైదానానికి తీసుకెళ్ళడానికి మలాకీయే నిన్న కాస్టిగన్‌ని పిలిచాడు. అదీ ఎవరికీ చెప్పలేదు.

కొట్టంలో సోమవారం జూలు అల్లుతున్న బ్రోనా తల ఎత్తింది. తల్లిని తీసుకుపోయిన కాస్టిగన్ లారీ. అప్పుడే అమ్మమ్మ పవిత్రజలం సీసాతో వచ్చి తలుపు పట్టుకుని నిలబడింది. పందెం రోజున గుర్రం మీద నాలుగు చుక్కలు చల్లడం ఆవిడ వంతు. ఈసారి సీసా మూత తియ్యలేదు.

"అమ్మేశాడే తల్లీ. మీ అమ్మ మొహాన్నే ఒప్పుకున్నాడు."

బ్రోనా అల్లిక సగంలో వదిలేసింది. కళ్ళెం తగిలించింది, జీను వేసింది, వెనక గేటు తీసింది. సెల్‌ఫోన్ కిటికీలోనే ఉండిపోయింది. ముందు వాకిట్లో కాస్టిగన్ తనెందుకొచ్చాడో చెప్పే సందు దొరక్క, నోరీన్ తిట్లు తింటూ టోపీ చేతిలో నలుపుకుంటున్న సమయానికి, సోమవారం రాతిగోడ ఒకటి దూకి కొండదారి పట్టింది.

ఒంటిగంటా నలభైకి మూడో పందెం. జాకీల బరువు తూచే గది దగ్గర మలాకీ గంటసేపు నిలబడ్డాడు. నిన్న సాయంత్రమే మైదానమంతా నడిచి, ప్రతి కంచె ముందూ చేతికర్ర గుచ్చి చూశాడు. జానెడు దిగింది. సోమవారం లాంటి బురద గుర్రానికి అంతకన్నా మంచి నేల ఉండదు. ఇంటికి ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. చివరికి మైకులో చెప్పారు: "మూడో పందెంలో నాలుగో నంబరు, సోమవారం, పరుగెత్తడం లేదు."

"గురువారం కదా, సోమవారం ఎలా వస్తుంది!" అని ఎవరో అరిచారు. గేటు దగ్గర కాగితం కొన్నవాళ్ళందరూ మలాకీ వైపు తిరిగి నవ్వారు. జీవితంలో ఒక్కసారి గుండె మీద చెయ్యేసుకుని చెప్పిన గుర్రం అసలు మైదానానికే రాలేదు. పరుగూ లేదు, పరువూ లేదు. గెలిచింది చిల్లు గొడుగే, ఎనిమిది గుర్రాల పొడవు తేడాతో. మలాకీ తన కాగితం ఒకటి నాలుగు మడతలు పెట్టి కోటు జేబులో కుక్కుకుని, మిగతా పందేలు చూడకుండా ఇంటికి నడిచాడు.

చీకటి పడకముందే బ్రోనా వచ్చింది. గుర్రాన్ని తుడిచి, దాణా పెట్టి, తడి బట్టలతోనే వంటింట్లోకి వచ్చి కళ్ళేన్ని తండ్రి ముందు బల్లమీద వేసింది.

"లారీ పోయిందా?"

"పోయింది," అన్నాడు మలాకీ.

"ఉత్త చేతుల్తో పోయిందిగా. సంతోషం. దాని తల్లిని అమ్మినప్పుడు బళ్ళో ఉన్నాను, ఇప్పుడు ఇంట్లో ఉన్నాను. అంతే తేడా."

"ఎందుకు పరుగెత్తనివ్వలేదే?" అన్నాడు మలాకీ. "నా మీద కోపముంటే నన్ను నాలుగు అను. ఆ మూగజీవం చేసిందేంటి?"

"పరుగెత్తాక ఎవరింటికి పోయేది నాన్నా? ఎవరికి అమ్మావు?"

"అమ్మడమేంటి?"

నోరీన్ పొయ్యి దగ్గర్నుంచి వెనక్కి తిరిగింది.

"నువ్వే ఒప్పుకున్నావుగా, మలాకీ," అంది నోరీన్, నోరున్న మనిషి కూడా సగం నోటితో. "పొద్దున్న ఇక్కడే నిలబడి."

"నేను ఒప్పుకున్నది నమ్మేశానని."

అతను జేబులోంచి కాగితం తీశాడు. మడతలతోనే బల్లమీద పెట్టాడు. నోరీన్ తీసుకుని, కళ్ళజోడు పెట్టుకుని, పైకి చదివింది.

"'సోమవారం: ఏడేళ్ళ కిందట దీని తల్లి కాళ్ళు అయిపోయాయని నేను తీర్పు చెప్పి, ఇంట్లో ఎవరికీ చెప్పకుండా పంపేశాను. మరుసటేడు అది ఇదే మైదానంలో గెలిచింది. నేను ఆ గోడ వెనక నిలబడి చూశాను, ఇంటికొచ్చి చెప్పలేదు. గుర్రాల విషయంలో నేను చేసిన తప్పుల్లో అదే పెద్దది. మనుషుల విషయంలో ఇంకా పెద్దది. ఈ పిల్ల అరిచిన మూడు రోజులూ పక్కనే ఉండి దీన్ని బతికించిన మనిషే ఇవాళ దాని మీద కూర్చుంటోంది. బురద దీనికి ఇష్టం, కంచె దగ్గర తొందరపడదు. ఇంకెవర్నీ చూడక్కర్లేదు. సోమవారాన్ని నమ్మేశాను.'"

అచ్చులో రెండు మాటలూ విడివిడిగా ఉన్నాయి. మధ్యలో ఖాళీ కూడా ఉంది. ఫోన్లోనూ వంటింట్లోనూ లేనిది ఆ ఖాళీయే.

"చెప్పొచ్చుగా," అంది బ్రోనా. "ఇలా కాగితంలో కాకుండా నాతో చెప్పొచ్చుగా."

"చెప్పడం రాదే నాకు. రాయడమే వచ్చు." మలాకీ కళ్ళేన్ని చేత్తో తడుముతున్నాడు. "పొద్దున్న వినడంలో మీ తప్పేం లేదు. నేను ఒక్కసారే అమ్మాను. ఈ ఇల్లు ఏడేళ్ళుగా అదే వింటోంది."

బ్రోనా అడిగింది, నేలవైపు చూస్తూ.

"మూడో కంచె దగ్గర ఎంత దిగింది కర్ర?"

"జానెడు."

"దానికి సరిగ్గా సరిపోయేది."

"సరిపోయేది," అన్నాడు మలాకీ, మొహం తిప్పుకుని.

పొయ్యి పక్క కుర్చీలో డెలియా అందరి మొహాలూ చూస్తోంది. చదువుతున్నంతసేపూ పనికిరాని చెవే ఇటు ఉంది.

"ఇంతకీ కొన్నదెవరే?"

నోరీన్ నోటికి అడ్డంగా చెయ్యి పెట్టుకుంది. బ్రోనా వెళ్ళి కుర్చీ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, అమ్మమ్మ మంచి చెవి దగ్గర అరిచింది.

"ఎవరూ కొనలేదు అమ్మమ్మా! నాన్న అమ్మలేదు! నమ్మాడు!"

"ఆఁ?"

"న! న! నమ్మాడు!"

"ఓ, నమ్మాడా," అంది డెలియా. జపమాల కోసం జేబు తడుముకుంటూ అడిగింది. "ఎవర్ని?"

బ్రోనా వెనక్కి చూసింది. బల్ల దగ్గర తండ్రి తల వంచుకుని ఉన్నాడు. గొంతు పెంచితే తప్ప ఆ చెవికి ఏదీ ఎక్కదు. ఇల్లంతా వినేలా చెప్పింది.

"నన్ను, అమ్మమ్మా."