సర్వైవ్ అంటే

1963లో రత్నమణి జగ్గయ్యపేటలోని ఆడపిల్లల బడిలో ఇంగ్లీషు చెప్పేది. ఆమెకు ఇరవై ఆరేళ్ళు. తల్లి పున్నమ్మతో కలిసి బడికి దగ్గర్లోనే అద్దెకుండేది.

ఆగస్టులో ఒక మధ్యాహ్నం. మబ్బు కమ్ముకొచ్చి తరగతి గదిలో చీకటి పడింది. చెమ్మగిల్లిన సున్నం గోడలు వాసన వేస్తున్నాయి. ఎనిమిదో తరగతి పిల్లలకు ఆ రోజు 'సర్వైవ్' అన్న మాట చెప్పాలి. పాఠంలోని వాక్యమే నల్లబల్ల మీద రాసి పైకి చదివింది. 'షి సర్వైవ్‌డ్ హర్ సిస్టర్.'

ముందు బెంచీలోంచి హఫీజున్నీసా లేచింది. "అంటే అక్కని బతికించిందాండీ?"

"కాదమ్మా. అక్క చనిపోయింది. ఆ తర్వాత కూడా ఈమె బతికి ఉంది. పోయినవాళ్ళ పేరే ఆ మాట పక్కన వస్తుంది."

చెబుతుండగానే రత్నమణికి తన అక్క గుర్తొచ్చింది.

పదేళ్ళ కిందట వాళ్ళు నందిగామ పక్క పల్లెలో ఉండేవాళ్ళు. అక్క లూర్దమ్మకు కలరా తగిలింది. తల్లి డాక్టరు కోసం నందిగామకు పరుగెత్తింది. పదహారేళ్ళ రత్నమణి ఒక్కతే అక్క దగ్గరుంది. ఆ కంపు, గుంటలు పడిన ఆ కళ్ళు... గుండె చెదిరిపోయింది. "మణీ, మంచినీళ్ళు" అని అక్క అడుగుతుండగానే బయటికొచ్చి, తలుపుకు గొళ్ళెం పెట్టి, మేనత్త ఇంటికి పారిపోయింది. తల్లి వచ్చేసరికి లూర్దమ్మ గడప దగ్గర బోర్లా పడి చనిపోయి ఉంది.

"ప్రాణం పోయాకే వెళ్ళానమ్మా. కుక్కలు దూరతాయని గొళ్ళెం పెట్టా" అంది రత్నమణి. పున్నమ్మ గడప వైపు ఒకసారి చూసింది.

"టీచర్..."

చివరి బెంచీ వైపు నుంచి. ఎండిపోయిన గొంతు.

"అక్క బతికుండగానే చెల్లెలు వెళ్ళిపోతే... ఆ మాట వాడొచ్చా?"

రత్నమణి చేతిలో సుద్దముక్క విరిగింది.

"వాడ... వాడకూడదు."

"మరి నేను పోయాకే వెళ్ళానని అమ్మతో అన్నావే, మణీ?"

గది నిండా కంపు. అదే కంపు. పిల్లలు తలలు వంచి రాసుకుంటూనే ఉన్నారు. ఒక్కరూ వెనక్కి తిరగలేదు.

"ఎవరితో మాట్లాడుతున్నారండీ?" హఫీజున్నీసా మెల్లగా అడిగింది.

బడి గంట కొట్టగానే రత్నమణి వానలో తడుస్తూ ఇంటికొచ్చిపడింది. పున్నమ్మ చేటలో బియ్యం ఏరుతోంది. రత్నమణి ఆమె కాళ్ళ దగ్గర కూలబడింది.

"నీకు అబద్ధం చెప్పానమ్మా. నే వెళ్ళేటప్పటికి అక్క బతికే ఉంది. నీళ్ళడుగుతోంది. నేనే..."

సిగ్గుతో తల పైకెత్తలేకపోయింది.

"తెలుసులే" అంది పున్నమ్మ.

"ఎవరు చెప్పారు?"

"మీ అక్కే చెప్పింది. రోజూ చెబుతుంది. ఎప్పటికైనా నీ నోటితో నువ్వే చెబుతావని ఎదురు చూశా."

పున్నమ్మ గుమ్మం వైపు చూసింది. బయట వాన తప్ప ఎవరూ లేరు.

"పొద్దున నీతో బడికెళ్తానంది. ఇంకా రాలేదేం?"

పున్నమ్మ ఒక రాయి ఏరి పారేసి, తనలో తను అనుకున్నట్టుగా అంది.

"అవున్లే... అక్కడ ముందు బెంచీలో ఎవరో పిల్ల నచ్చిందంది. దానితోనే ఉండిపోయుంటుంది."