నాలుగో ఇంజెక్టరు

పిల్లలూ, కారు ఇంజెక్టరు టిక్ టిక్ అని ఎందుకు కొట్టుకుంటుందో చెప్పండి చూద్దాం.

తెలీదా? లెవీ, మొన్ననేగా లైసెన్సు తెచ్చుకున్నావు, నువ్వూ తెలీదంటే ఎలా? సరే, వినండి. ఇంజెక్టరంటే వేలెడంత గొట్టం. లోపల ఒక సూది. కరెంటు తగిలితే సూది లేస్తుంది, పెట్రోలు సన్నటి తుంపరగా ఇంజన్‌లోకి చిమ్ముతుంది. కరెంటు ఆగితే సూది కింద పడుతుంది. ఆ చప్పుడే టిక్. కరెంటు లేకపోతే చప్పుడూ లేదు. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి.

2008 జనవరి. మీ తాతయ్య సాలొమోను ఆర్మీ వర్క్‌షాపులో పాతికేళ్ళు బళ్ళు బాగుచేసి రిటైరయ్యారు. ఢిల్లీలో ధౌలా కువాన్ దగ్గర అద్దె ఇంట్లో ఉండేవాళ్ళం. మా కారుకి పదేళ్ళు. చలికి స్టార్టయ్యేది కాదు, ఫ్లైఓవరెక్కితే దగ్గేది. ఇంజెక్టర్లు పూడుకుపోయాయన్నారు. వాటినే కడగొచ్చు. కానీ ఎక్కువ పెట్రోలు చిమ్మే పెద్దవి వేస్తే బండికి వయసు తగ్గుతుందని, పాతసామాన్ల బజారు నుంచి నాలుగు పట్టుకొచ్చారు.

వాటిని కడిగి, కొత్త రబ్బరు రింగులు తొడిగి, భోజనాల బల్ల మీద పేపరు పరిచి వరసగా పెట్టారు. పొద్దున పది గంటలు. బయట గేటు కూడా కనపడనంత పొగమంచు. కరెంటు పోయింది. ఇల్లంతా పెట్రోలు వాసన, పక్కింటి బొగ్గుల కుంపటి వాసన.

టిక్.

"జయా..." గుసగుసగా పిలిచారు మీ తాతయ్య. "విన్నావా?"

టిక్... టిక్... టిక్. ఆగింది. మళ్ళీ మూడు.

తీగ లేదు. బ్యాటరీ లేదు. ఒకటోది, రెండోది, మూడోది వరసగా కొట్టుకుంటున్నాయి. నాలుగోది మాత్రం మౌనం.

"అమ్మినవాడు చెప్పాడు," అన్నారాయన, వాటి మీంచి చూపు తిప్పకుండా. "గుద్దుకున్న బండి నుంచి తీశాడట. అందులో నలుగురు. ముగ్గురు అక్కడికక్కడే పోయారు. డ్రైవరొక్కడే బతికాడు... ఇవి వద్దు జయా. తిరిగిచ్చేస్తా."

మీ అమ్మ పెర్సిస్ ఆసుపత్రి డ్యూటీ నుంచి వచ్చి టీ తాగుతోంది. లెవీ, నువ్వు దాని ఒళ్ళో. నేను నవ్వాను.

"చలికి లోహం ముడుచుకుంటుంది. ముడుచుకుంటే చప్పుడవుతుంది. ఏడో క్లాసు పాఠం! చూడవే పెర్సిస్, సరిహద్దులో పనిచేసిన మనిషి గొట్టాలకు దడుచుకుంటున్నారు."

మీ అమ్మ కూడా నవ్వింది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. పానా అందుకున్నారు.

బిగించేసరికి మూడయింది. మంచు మళ్ళీ దిగింది. వాళ్ళ వర్క్‌షాపులో ఒక పద్ధతుంది. బిగించినవాడి చెవిని నమ్మరు, రెండో మనిషి విని చెప్పాలి. పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇంజెక్టరు మీద ఆనించి, పిడి చెవి ఎముకకు ఆనిస్తే లోపలి చప్పుడు తెలుస్తుంది. దాన్ని నా చేతికిచ్చారు.

"నువ్వు సరేనంటేనే బండి కదుపుతా."

ఒకటోది... టిక్ టిక్ టిక్. రెండోది, మూడోది కూడా అంతే. నాలుగోది...

టిక్ లేదు. ఇంజన్ మాత్రం నున్నగా తిరుగుతోంది. చెవిలో, ఎవరో నెమ్మదిగా గాలి పీల్చుకున్నారు. తర్వాత ఒక చిన్నపిల్ల గొంతు. హిందీలో.

"ఆగే కీ సీట్ ఖాలీ హై..."

ముందు సీటు ఖాళీగా ఉందట, ఆ బతికిన డ్రైవరుది.

చెయ్యి లాగేసుకున్నాను. వేడి ఇంజన్‌కి ఆనించిన స్క్రూడ్రైవరు మంచుగడ్డలా ఉంది.

"ఏమైంది?" అన్నారు.

గుమ్మంలో మీ అమ్మ. పెదాల మీద ఇంకా ఆ నవ్వు. ముప్ఫై ఏళ్ళు పాఠం చెప్పాను పిల్లలూ, నేను తప్పు చెప్పానని ఒక్కరోజూ ఒప్పుకోలేదు.

"బ్రహ్మాండంగా కొట్టుకుంటోంది. వెళ్ళిరండి," అన్నాను.

ఆయన ముఖం వికసించింది. నా చెవి మీద ఆయనకంత నమ్మకం. పెట్రోలు పోయించుకొస్తానని బండి తీశారు. మంచులో రెండు ఎర్ర దీపాలు... ఒకటి... ఏమీ లేదు.

రింగురోడ్డు మీద ఆగి ఉన్న లారీ కిందికి వెళ్ళిపోయింది బండి.

కారు తుక్కుకి వెళ్ళేముందు మెకానిక్ ఆ నాలుగూ గుడ్డలో చుట్టి తెచ్చిచ్చాడు. బిస్కెట్ల డబ్బాలో వేశాను. మూత పెట్టగానే కొట్టుకున్నాయి. ఈసారి నాలుగూ. నాలుగోది రెండుసార్లు కొట్టి, ఆగి, ఒకసారి కొట్టేది. మీ తాతయ్య గేటు తట్టేది అలాగే. అందుకే పారేయలేదు. ఏటా జనవరిలో కడిగి పెడుతున్నాను.

"అమ్మమ్మా, ఇప్పుడు కూడా కొట్టుకుంటాయా?" అంటున్నావు కదూ ఎల్సా?

మూడు కొట్టుకుంటున్నాయి. నాలుగోది ఆగి పదిరోజులయింది. లెవీ లైసెన్సు ఇంటికొచ్చిన రోజు నుంచి. ముందు సీటు మళ్ళీ ఖాళీ.

"అమ్మమ్మా, మజాక్ మత్ కరో," అనకు లెవీ. వేళాకోళమా? నేను నవ్వుతున్నానా?

ఆ పొడుగు స్క్రూడ్రైవరు ఇలా అందివ్వు ఎల్సా. పొద్దున నాలుగూ నానబెట్టి మూడే తుడిచాను, ఒకటి మిగిలిపోయింది. మీరిక్కడే కూర్చోండి. తుడిచి, విని, వచ్చి చెప్తాను.

భయపడకు నాన్నా లెవీ. బ్రహ్మాండంగా కొట్టుకుంటోందనే చెప్తాను.