జేబులో లేని ఫ్యూజు

ఇస్త్రీపెట్టె అలా వేడెక్కిందో లేదో, కరెంటు ఇలా పోయింది.

టైలరమ్మాయికి ఒళ్లు మండింది. చేతిలో కత్తెర చేతిలోనే పట్టుకుని మేడ మీది గదిలోంచి గబగబా మెట్లు దిగింది. గుమ్మం ఎదురుగా ఉన్న స్తంభం మీద ఎవరో కొత్త లైన్‌మన్ తాపీగా ఈల వేసుకుంటూ పని చేసుకుంటున్నాడు.

"ఏవండీ! తీసేముందు ఓ మాట చెప్పొచ్చు కదా! అవతల స్కూలు యూనిఫారాలు కుప్ప పడున్నాయి. మీరు పైన కూచుని ఈలలేస్తుంటే అవెవరు కుడతారు?"

"నేను దిగొచ్చి కుడతాలెండి. మీరెక్కి ఈ తీగ బిగించండి."

"ముందు దిగండి, చెప్తాను."

"చేతిలో కత్తెర ఉంది కదా. నేను దిగను."

అంతలో పైనుంచి ఏదో జారి ఆమె కాళ్ల దగ్గర మట్టిలో పడింది. తెల్లటి పింగాణీ ముక్క, రెండు వైపులా ఇత్తడి. ఆమె వంగి తీసుకుంది.

పైన ఈల ఆగిపోయింది.

"అమ్మా, తల్లీ! దాన్ని ఎవరికీ ఇవ్వకండి. మీకు పుణ్యముంటుంది."

"ఏంటిది?"

"ఈ వీధి ఫ్యూజు. ఎక్కే ముందు పీకి జేబులో పెట్టుకుంటాం. అది మా జేబులో ఉన్నంతసేపూ తీగలోకి కరెంటు రాదు. మా పనిలో మొదటి పాఠం అదే."

"చిరిగిన జేబులో పెట్టుకోవడం రెండో పాఠమా?"

అన్నదే గానీ, అతను దిగేదాకా ఆ ఫ్యూజును గుప్పిట్లోంచి వదల్లేదు.

అలా మొదలైంది. ఆమెను అతను "కత్తెరగారూ" అనేవాడు. అతన్ని ఆమె "స్తంభంగారూ" అనేది. చిరిగిన జేబు కుట్టించుకుని వెళ్లినవాడు, వారం తిరక్కుండా మళ్లీ అదే చొక్కాతో వచ్చాడు.

"ఒకే జేబు ఇన్నిసార్లు ఎలా చిరుగుతుందండీ?"

"ఫ్యూజు బరువండీ."

"బరువుకైతే అడుగున చిరగాలి. ఇదెవరో పక్కన బ్లేడు పెట్టి కోసినట్టుంది."

అతను చప్పున తలెత్తి ఫ్యాను వైపు చూశాడు. అది పాపం తిరుగుతోంది, దాని తప్పేమీ లేదు. మూల కూర్చుని పసివాడికి పాలు పడుతున్న ఆమె అక్క మాత్రం పైట నోటికి అడ్డం పెట్టుకుంది.

అతను మెట్లు దిగాక అంది, "జేబుకి కుట్లెక్కువయ్యాయే. ఇక గుడ్డ మిగల్లేదు. వేరే ఏదైనా ఆలోచించుకోమను."

"నీకేం పన్లేదా అక్కా?"

తుఫాను వార్త వచ్చింది ఆ రోజుల్లోనే. మామూలు తుఫాను కాదట. మైకు పెట్టుకుని వ్యాను తిరిగింది, అందరూ స్కూలు భవనంలోకి వెళ్లిపొమ్మని. అక్క పసివాడి సంచీ సర్దిన తీరు చూడాలి. పాలసీసా, దాని మూత, ఆ మూత పోతే ఇంకో మూత, పొడిబట్టలు, ఆ పొడిబట్టలు తడిస్తే మార్చడానికి మరికొన్ని. సర్దిన సంచీ మళ్లీ విప్పి అన్నీ ఉన్నాయో లేదో చూసుకుంది. ఒడిలో పసిబిడ్డ ఉన్నవాళ్లకి గాలి ఈల వేసినా గుండెల్లో రాయి పడుతుంది.

టైలరమ్మాయి గది తాళం వేస్తుంటే రెయిన్‌కోటులో పరుగున వచ్చాడు లైన్‌మన్. మొహం మీద నీళ్లు కారుతున్నాయి.

"ఈ వీధిలో కొమ్మలన్నీ తీగల మీదే ఉన్నాయి. తీగ తెగి నీళ్లలో పడితే అంతే సంగతులు. అందుకే ఫ్యూజు పీకేశాను. ఈ కోటుకి జేబు లేదు, చొక్కా మీ దగ్గరుంది. ఇది మీరే ఉంచండి."

"నేనా?"

"నేనొచ్చి అడిగేదాకా ఎవరికీ ఇవ్వొద్దు. మీ నాన్నగారు అడిగినా సరే."

"మీరెక్కడికి?"

"సముద్రం ఒడ్డు పేటకి. పెద్దవాళ్లు కొందరు ఇళ్లొదిలి రామంటున్నారట. లారీలో ఎక్కించుకు రావాలి, అక్కడి లైన్లూ ఆపాలి."

వెళ్లొద్దు అనాలనిపించింది. వెళ్లొద్దంటే ఆ పెద్దవాళ్లెలా? జాగ్రత్త అనాలనిపించింది.

"గుండీలు తప్పు పెట్టుకున్నారు," అని మాత్రం అంది. దగ్గరకు వెళ్లి పైనుంచి కిందిదాకా మళ్లీ పెట్టింది. ఊపిరి బిగబట్టి నిలబడ్డాడతను, స్తంభంలాగే.

ఆ గాలి సంగతి చెప్పడం నా వల్ల కాదు. స్కూలు కిటికీ తలుపులకు బెంచీలు అడ్డం పెట్టారు. అక్క బిడ్డ మీద వంగి గూడు కట్టినట్టు కూర్చుంది. చెల్లెలు ఫ్యూజును కొంగున ముడేసుకుని, ఆ ముడి పట్టుకుని కూర్చుంది.

తెల్లారేసరికి ఆకాశం ఏమీ ఎరగనట్టు నవ్వుతోంది. వీధి నిండా కొమ్మలు, రేకులు, ఎవరిదో కుర్చీ. ఫోన్లు పలకడం లేదు. మధ్యాహ్నానికి మెయిన్‌రోడ్డుకి కరెంటు వచ్చింది. ఈ వీధికి రాలేదు.

ఎదురింటి పిన్ని కబురు మోసుకొచ్చింది. "పేటలో స్తంభం కూలిందట. లైన్‌మన్ ఒకతన్ని ఆసుపత్రికి మోసుకుపోయారట పాపం."

ఆమె వెళ్లి స్తంభం దగ్గరున్న వీధి ఫ్యూజు పెట్టె ముందు నిలబడింది. అంతకంటే ఏం చెయ్యాలో తోచలేదు.

కాసేపటికి నాన్న వచ్చాడు, చేతిలో పటకారు, రాగి తీగ ముక్క పట్టుకుని. ఇన్నేళ్లు బస్సు నడిపినవాడు, ఆగిన బండిని చూస్తే ఆయన చేతులు ఊరుకోవు.

"జరుగమ్మా. ట్యాంకులో చుక్క నీళ్లు లేవు, ఇంట్లో పసిబిడ్డ. ఈ తీగ ముక్క తగిలిస్తే మోటారు ఆడుతుంది."

"వద్దు నాన్నా. ఆయన తీగ మీదుంటే?"

"ఎవరాయన?"

ఆమె కొంగుముడి గట్టిగా పట్టుకుంది.

"అతనేగా? ఆసుపత్రిలో ఉన్నాడంటున్నారు కదే. ఆసుపత్రిలో ఉన్నవాడు స్తంభం మీదెలా ఉంటాడు?"

"ఆసుపత్రిలో లేడు!" అరిచేసింది. వీధంతా ఇటు తిరిగింది. "ఇది నా దగ్గరున్నంతసేపూ ఆయన పైనే ఎక్కడో పని చేసుకుంటున్నాడు. వచ్చి అడుగుతానన్నాడు. అడగాల్సిందే. అప్పటిదాకా మీరడిగినా ఇవ్వను, ఆ తీగ పెట్టనివ్వను."

నాన్న నోరు తెరిచి ఏదో అనబోయాడు. బిడ్డను భుజాన వేసుకుని అక్క అడ్డొచ్చింది.

"ఉండనీ నాన్నా. నా బిడ్డకి నీళ్లు మెయిన్‌రోడ్డు నుంచి బిందెతో తెచ్చుకుంటాను. ఏ తల్లి బిడ్డో పైనుంటే మనమేం చేస్తాం?"

నాన్న పటకారు జేబులో పెట్టుకున్నాడు.

ఇంతలో పిన్ని వీధి చివరికి చెయ్యి చూపించింది. "ఎవడే వాడు? పొద్దుట్నుంచీ కర్రతో మురుగుకాలువ కెలుకుతున్నాడు. తుఫానుకి మతి పోయిందేమో!"

తల నుంచి కాలిదాకా బురద. మొహం ఆనవాలు లేదు. రెయిన్‌కోటు గుండీలు మాత్రం ఒక్కటీ తప్పకుండా వరసలో ఉన్నాయి.

ఆమె ఎలా పరిగెత్తిందో ఆమెకే తెలియదు.

"ఇక్కడేం చేస్తున్నావు?"

అతను బెదిరిపోయి కర్ర వదిలేశాడు. "కత్తెరగారూ, తిట్టకండి. తెల్లారకముందే తీగల మీది కొమ్మలన్నీ తీసేశాను, తీరా చూస్తే ఫ్యూజు పోయింది. ఈ జేబు సంగతి మీకు తెలుసు కదా, ఎక్కడో జారిపోయింది. మీకు మొహం చూపించలేక ఇక్కడే వెతుకుతున్నా."

"కోటుకి జేబెక్కడుంది?"

అతను కోటు తడుముకున్నాడు. ఆమె కొంగుముడి విప్పింది.

తెల్లటి ముక్కను చూసి అతని నిద్రలేని కళ్లు మెల్లగా వెలిగాయి.

"నీకిచ్చాను కదూ! జేబులో పెట్టుకున్నాననే అనుకుంటున్నా. నీ దగ్గరుంచడమంటే నా దగ్గరున్నట్టే అనుకున్నట్టున్నాను."

ఆమెకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. బురద భుజం మీద నాలుగు దెబ్బలు వేసింది. "ఆసుపత్రిలో ఎవరో ఉన్నారన్నారు!"

"మావాడే. కాలు విరిగింది, అంతే. మంచం మీద నర్సులకి జోకులు చెప్తున్నాడు. పేటవాళ్లు అందరూ క్షేమం. మేకలతో సహా ఎక్కించాం. ఒక ముసలమ్మైతే దారంతా నన్నే తిట్టింది, ఆవిడ కోడి లారీలో ఎగిరిందని."

వెనక నుంచి నాన్న గట్టిగా దగ్గాడు. ఇద్దరూ ఎడంగా జరిగారు.

"ఏమయ్యా, నేనడిగినా ఫ్యూజు ఇవ్వొద్దన్నావట."

"అదీ, అంటే, రూలండీ..."

"సరే. ఫ్యూజు విషయంలో నా మాట చెల్లలేదు. పిల్ల విషయంలో మాత్రం నన్నే అడగాలి. ముందు స్నానం చేసి రా, అడుగుదువుగానీ."

"దానికీ నీళ్లు కావాలి కదా నాన్నా," అంది అక్క. "ముందు ఫ్యూజు పెట్టమను."

అతను చెయ్యి చాపాడు. "అడుగుతున్నాను. ఇస్తావా?"

ఇచ్చింది. ఇంటింటా ఫ్యాన్లు కదిలాయి, మోటారు గురగురమంది, పసివాడు ఉలిక్కిపడి ఏడుపందుకున్నాడు. ఆ ఏడుపు విని వీధంతా నవ్వింది.

చొక్కా సాయంత్రం తీసుకెళ్లాడు. జేబు చుట్టూ రెండు వరసల కుట్టు, ఈసారి బ్లేడు కూడా దిగనంత గట్టిగా.