మణికట్టులో హోరు

పలాసలో జీడిపప్పు ఒలుచుకునేదాన్ని, నెత్తురు సంగతి నాకేం తెలుసు? మా ఆయన మోషేకి కిడ్నీలు పోయాకే అన్నీ నేర్చుకున్నాను. గుండె నుంచి వచ్చే ధమనికి గోడ మందం, అందులో నెత్తురు తన్నుకుంటూ వస్తుంది. గుండెకి తిరిగెళ్లే సిరకి గోడ పల్చన, అందులో మెల్లగా పోతుంది. ఎడమ మణికట్టు దగ్గర ఆ రెండింటినీ కలిపి కుట్టారు. ఆ జోరుకి సిర తాడులా ఉబ్బింది. డయాలసిస్ సూది దిగేది అందులోనే. పైన వేలు పెడితే లోపల తేనెటీగల హోరు.

"హోరు ఆగితే వెంటనే తీసుకురా. గడ్డకట్టేస్తే ఇక అంతే. కుడిచేతి సిరలు మరీ సన్నం, అక్కడ కుదరదు," అన్నాడు డాక్టరు. ఎడమ చేత్తో బరువు మొయ్యకూడదన్నాడు.

పక్క బెడ్డు సన్యాసయ్య పోయాడు. పుర్రచేతి వాటం మనిషి గనక అతనికి కుడిచేతికి కుట్టారు. రెండేళ్లు ఇద్దరూ ఒకే ఆటోలో ఆస్పత్రికి వెళ్లారు. ఆ ఆటోలో డయాలసిస్‌కి వెళ్లేవాళ్లందరిదీ ఒకటే మాట, పోయినవాడి పాడెకి ఉన్నవాళ్లు భుజం పట్టాలని.

"నాను మొయ్యలేనే నయోమీ," అన్నాడు మోషే.

"నలుగురూ ఏటనుకుంతారు? నాలుగడుగులు మొయ్యి మావా," అన్నాను. నా నోరు పడిపోను.

జీడితోట దాటేదాకా మోశాడట, ఎడమ చెయ్యి వెదురుకి చుట్టి.

సాయంత్రం వచ్చి మంచం మీద వాలిపోయాడు. "సెయ్యి సల్లగుందే..." అన్నాడు. వేలు పెట్టి చూశాను. హోరు లేదు.

ఆటో ఢిల్లీరావుకి ఫోను చేశాను, బయల్దేరాడు. అంతలో కరెంటు పోయింది. బయట కొబ్బరాకుల చప్పుడు. ఇంట్లో బంతిపూల వాసన... పాడె మీద చల్లినవి. మా ఇంటికెలా వచ్చింది?

చీకట్లో తడిమి చెయ్యి పట్టుకున్నాను. మణికట్టు... హోరుమంటోంది. గట్టిగా.

"వచ్చేసింది మావా," అని ఏడ్చాను. ఆయన పలకలేదు, నిద్రపట్టిందనుకున్నాను. ఢిల్లీరావుకి రావద్దని చెప్పేశాను. తెల్లారేదాకా ఆ చెయ్యి వదల్లేదు.

వెలుగొచ్చాక చూస్తే నేను పట్టుకున్నది కుడిచెయ్యి. కత్తి తగలని చెయ్యి. ఎడమది కట్టెలా ఉంది.

"రాత్రే ఎందుకు తేలేదమ్మా?" అన్నాడు డాక్టరు.

పంతొమ్మిది రోజులకి మోషే పోయాడు. పెట్టె మూసేముందు ఆ కుడిచెయ్యి పట్టుకున్నాను. మంచులా ఉంది.

హోరుమంటూనే ఉంది...

పాస్టరుగారు మేకులు కొట్టమన్నారు. నేను నోరెత్తలేదు.