ఐస్ బాక్స్‌లో లేనిది

"ల్యాబ్‌లో దొంగలు పడ్డారు. కావలసినవి పట్టుకుపోయి, మిగిలినవాటి మీద యాసిడ్ పోశారు," అన్నాడు చీఫ్.

మిరపకాయ పిడికిలి బిగిసింది. డిపార్ట్‌మెంట్‌లో ఆ ఏజెంట్‌కి ఆ పేరు ఊరికే రాలేదు. పైగా ఈ కేసు ఇంటిదాకా వచ్చింది. అతని అక్క కూతురిది అరుదైన జన్యులోపం. నరాలు ఒక్కొక్కటిగా చేతులెత్తేస్తున్నాయి. ఆ ల్యాబ్‌లోని డాక్టరమ్మ ఆ పిల్ల చర్మకణాల నుంచి కందిగింజంత మెదడు కణజాలాలు పెంచి, వాటిమీద మందులు పరీక్షిస్తోంది. నిన్ననే ఒక మందు పనిచేసింది. పిల్లకు ఎంత మోతాదు ఇవ్వాలో తేల్చాలంటే ఆ కణజాలాలే కావాలి. మళ్లీ పెంచాలంటే ఏడాది పడుతుంది. పిల్లకు అంత వ్యవధి లేదు.

"విదేశీ ముఠా పని. మందు తమదేనని పేటెంట్ కొట్టేస్తారు. సరుకు ఐస్ బాక్స్‌లో పోతోందని మన ఏజెంట్ నెమలి సమాచారం. ఆమె ఎయిర్‌పోర్ట్‌లోనే ఉంది. వెళ్లు."

"పసిపిల్లల రోగంతో బేరమా! వీళ్ల దుంప తెగ!"

వీల్‌చెయిర్ తోసేవాడి వేషంలో మిరపకాయ చేరేసరికే, డిపార్ట్‌మెంట్ అందగత్తె నెమలి ఒక కొరియర్‌ను నేలకు అదిమిపట్టింది. వాడి ఐస్ బాక్స్‌లో గులాబీరంగు ట్యూబులు.

"శభాష్! మిషన్ ఓవర్," అన్నాడు చీఫ్ ఇయర్‌పీస్‌లో.

"వీడి బాస్ ఈ ఫ్లైట్‌లోనే ఉన్నాడు. నేను ఎక్కుతున్నా," అంటూ నెమలి గేటు వైపు నడిచింది.

మిరపకాయ ఒక ట్యూబు తీశాడు. చల్లగా తగిలింది. వారం వారం ల్యాబ్‌కి వెళ్లే అక్క మాట గుర్తొచ్చింది: "ఒంటి వేడిలో ఉంటేనే బతుకుతాయిరా. మంచులో పెడితే చస్తాయి."

ఇంత ప్లాన్ వేసినవాళ్లు సరుకును చేజేతులా చంపుకుంటారా? అసలు ఐస్ బాక్స్ అని చెప్పిందెవరు?

తలెత్తి చూశాడు. ఇంత ఉక్కలో నెమలి మెడదాకా బొత్తాలు పెట్టిన కోటు వేసుకుంది. మేకప్ చెమటకు కారుతోంది. గేటు మూసేస్తున్నారు.

పరుగున వీల్‌చెయిర్ తోశాడు. అది వెనకనుంచి తగిలి నెమలి అందులో కూలబడింది.

"నీకేమన్నా పిచ్చా? నేను మీ మనిషిని!"

"మా మనిషివైతే కోటు విప్పు."

ఆమె గొంతు మారింది. "ఒక్క పిల్ల కోసం ఇంత ఆవేశమా?"

"ఆ ఒక్క పిల్లే నన్ను మామయ్యా అంటుంది!"

పెన్నులోని మత్తు సూది ఆమె మెడలో దిగింది. కోటు కింద, నడుముకు చుట్టిన బెల్టులో ట్యూబులు. వెచ్చగా ఉన్నాయి. వాటిని చొక్కా లోపల, ఛాతీకి హత్తుకుని ల్యాబ్‌కి పరిగెత్తాడు.

మైక్రోస్కోప్ మీంచి తలెత్తి డాక్టరమ్మ, "బతికే ఉన్నాయి," అంది. మిరపకాయ గోడను ఒక్క గుద్దు గుద్ది, ఏడ్చేశాడు.

సాయంత్రం మేనకోడలు మాట కూడబలుక్కుని అడిగింది. "మామయ్యా, అవి నా మెదడేనా?"

"నీ కణాలతో పెంచినవమ్మా. ఆలోచించలేవు."

"అయితే... లెక్కల హోంవర్క్ చెయ్యవా?"

"చెయ్యవు."

"మరెందుకు తెచ్చావ్, అంత పరిగెత్తుకుంటూ?"