ఏడో చేతికర్ర

లైబ్రరీ రీడింగ్ రూములో ఉదయం పదకొండు గంటలకి ఒక మనిషి చనిపోయాడు. ఆ సంగతి చుట్టూ కూర్చున్న పదిమందికి పదకొండున్నరకి గాని తెలియలేదు. పేపరు మీద తల వాల్చి కునుకు తీస్తున్నాడనుకున్నారు. అక్కడ కునుకు తీసేవాళ్లు కొత్త కాదు. అరగంట దాటితే లేపడం అటెండరు పని. అతను వచ్చి భుజం తట్టాడు. రెండోసారి తట్టలేదు.

డాక్టరు మొదట గుండె అన్నాడు. చెవి వెనక జుట్టు పక్కకి తీసి చూశాక ఆ మాట వెనక్కి తీసుకున్నాడు.

మధ్యాహ్నం రెండింటికి గూఢచారి శాఖ ఛీఫ్ తన టేబుల్ మీద ఒక స్టీలు పళ్లెం పెట్టాడు. అందులో బఠాణీ గింజంత సీసపు గుండు. ఎదురుగా కూర్చున్న ఏజెంటుని ఆఫీసులో అందరూ 'నత్త' అంటారు. ఎక్కడికీ పరిగెత్తి ఎరగడు, ఎక్కడికీ ఆలస్యంగా వెళ్లనూ లేదు.

"చప్పుడు లేదు. పొగ లేదు. మందు వాసన లేదు," అన్నాడు ఛీఫ్. "ల్యాబ్ రిపోర్టు ఒక్క ముక్కే. ఎయిర్ గన్."

"పిల్లలు డబ్బాల్ని కొట్టేదా, సర్?"

"కాదు. మన ముత్తాతల ముత్తాతలు మనుషుల్ని కొట్టినది."

చనిపోయినవాడు జడ్జిగారి దుబాసీ. రెండు దేశాల సరిహద్దు ఒప్పందం మీద ఎల్లుండి సాయంత్రం సంతకాలు కావాలి. రెండు పక్షాలూ నమ్మే మనిషి లోకంలో ఒక్కరే మిగిలారు, రిటైరైన ఆ జడ్జిగారు. ఆవిడ లేకపోతే కలం పట్టేవాళ్లు ఉండరు, తుపాకీ పట్టేవాళ్లకి కొదవ ఉండదు. సంతకాల రోజు ఉదయమే ఆవిడ మ్యూజియంలో పాత ఎయిర్ గన్ల గది తెరవాలి. దుబాసీ చావు ఆవిడకి హెచ్చరికే. మానుకోమంటే, భయపడినట్టు కనిపిస్తే ఒప్పందమే భయపడుతుంది అన్నారట.

ఈ ఒప్పందాన్ని చెడగొట్టాలని చూస్తున్న విదేశీ ముఠాలో మనకొక ఏజెంటు ఉంది. కోడ్ నేమ్ చిలక. పైకి పురాతన ఆయుధాలు సేకరించే షోకైన ధనవంతురాలు. ఆ గదిలోని, చూడటానికి చేతికర్రల్లా ఉండే తుపాకులు ఆవిడ మ్యూజియానికి ఇచ్చినవే. ఇందాకే చిలక నుంచి కబురొచ్చింది. గన్ తయారుచేసినవాడు మ్యూజియం వర్క్‌షాపులోనే ఉన్నాడు. ప్రారంభం రోజు డెమో పేరుతో తుపాకీ పట్టేదీ, జడ్జిగారిని కొట్టేదీ అతనే.

నత్త పళ్లెంలోంచి చూపు ఎత్తలేదు. ఈ దేశంలో అలాంటి తుపాకీకి ప్రాణం పోయగలవాడు ఒక్కడే. అతన్ని మ్యూజియంలో 'గాలి మేస్త్రి' అంటారు. నత్త ఇంట్లో 'తమ్ముడు' అంటారు.

"నీ బావమరిదని తెలుసు," అన్నాడు ఛీఫ్ నెమ్మదిగా. "వేరేవాణ్ణి పంపితే తలుపు పగలగొట్టి వెళ్తాడు. నీకైతే వాడే తలుపు తీస్తాడు. తప్పుంటే మాత్రం బంధుత్వం చూడకు."

నత్త భార్య దృష్టిలో ఆయనది గణాంక శాఖలో గుమాస్తా ఉద్యోగం. మర్నాడు ఆయన సెలవు పెట్టానని, మ్యూజియం వైపు వెళ్తున్నానని చెప్పగానే ఆవిడ ప్రశ్నలేవీ వేయకుండా క్యారియర్ సర్దింది. వాడు పని పట్టుకుంటే తిండి మరుస్తాడని, ఎదురుగా కూర్చుని తినిపించి మరీ రమ్మని చెప్పింది. మూత బిగుసుకుందేమోనని మళ్లీ ఒకసారి తీసి చూసింది. ఇరవై తొమ్మిదేళ్లలో ఆయన వేసిన మారువేషాల్లో ఆ క్యారియర్‌కి సాటి వచ్చేది లేదు. గేటు దగ్గర ఇద్దరు గార్డులు చూసి నవ్వి వదిలేశారు. ఆయనకి మాత్రం అది చేతిలో బండరాయిలా ఉంది.

వర్క్‌షాపు మ్యూజియం అడుగున ఉంది. నేలకి ఆనుకున్న కిటికీలోంచి పైన నడిచేవాళ్ల చెప్పులు మాత్రమే కనిపిస్తాయి. బల్లమీద ఆకురాళ్లు, రాగి రేకులు, కొవ్వు పూసిన తోలు ముక్కలు. మేస్త్రి యాభై దాటిన బ్రహ్మచారి. బావని చూడగానే ముఖం చాటంత చేసుకున్నాడు.

"అక్క పంపిందా? నేను బతికున్నానని ఆవిడకి ఎవరో చెప్పినట్టున్నారు."

తింటున్నంతసేపూ తుపాకుల కబుర్లే. మొదట్లో తుపాకీ మడమలో, అంటే భుజానికి ఆనించే వెనక భాగంలో, తోలు తిత్తి, స్ప్రింగు పెట్టేవారట. మీట నొక్కితే తిత్తి ఒక్కసారిగా ముడుచుకుని బాణం ముల్లుని ఎగరేసేది. పెద్దింటివాళ్లు హాల్లో గురిపందేలు ఆడుకునేవారు. తర్వాత మడమే ఇనుప బుడ్డి అయింది. రేకుని చుట్టి, అతుకుని కరిగించిన ఇత్తడితో మూసి, పంపుతో గాలి కుక్కేవాళ్లు. పదిహేను వందల స్ట్రోకులు కొడితే ముప్పై గుండ్లు పేల్చవచ్చు. ఒక సైన్యం కొన్నేళ్లు వాడి చేతులెత్తేసింది. తోలు ఎండితే గాలి నిలవదు, అతుకు విడితే కాల్చేవాడి దవడే పోతుంది.

"మందు తుపాకీ కొలిమిలో పుడుతుంది బావా. ఇది కంసాలి దగ్గర పుడుతుంది. అందుకే పెంకెతనం ఎక్కువ," అన్నాడు మేస్త్రి, సొంత కూతురి గురించి చెప్పుకున్నట్టు.

నత్త జేబులోంచి సీసపు గుండు తీసి బల్లమీద పెట్టాడు.

మేస్త్రి దాన్ని వేళ్ల మధ్య దొర్లించాడు, వెలుతురుకి పట్టాడు. "నాదే. చూడు, అచ్చు గీత ఎక్కడా దొరకదు, అంత నున్నగా గీకాను. మేడమ్ ఇచ్చిందా?"

"ఒక మనిషి తలలోంచి తీశారు."

పైన కిటికీలో నాలుగు జతల చెప్పులు వెళ్లిపోయాయి. మేస్త్రి గుండుని బల్లమీద పెట్టబోయి, పెట్టలేక, అరచేతిలోనే ఉంచుకుని కూర్చున్నాడు. చేతికి అన్నం ఎండిపోయింది.

తర్వాత చెప్పాడు, ఆగి ఆగి. మేడమ్ ఇచ్చిన ఆరు చేతికర్రలూ షోకు కోసం చేసినవే. పైసగంలో గాలి బుడ్డి, కిందిసగం గొట్టం. ఆరింటికీ లోపలి కవాటాలు చచ్చిపోయాయి. వీటిలో ఒక్కటైనా మళ్లీ ఊపిరి తీస్తుందా అని ఆవిడ అడిగింది. ముప్పై ఏళ్లలో అతన్ని ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆవిడ. మ్యూజియం వాళ్లకి పైన మెరుపుంటే చాలు. ఆరింటి పోలికలోనే ఏడోది చేసిచ్చాడు. ఇంట్లో గూట్లో పెట్టుకుంటానందట.

"నువ్వు నమ్మావా?"

"నమ్మాలనిపించింది బావా. పనిచేసేది చెయ్యనిస్తున్నారు కదా."

నత్తకి అమాయకపు ముఖాల మీద నమ్మకం పోయి చాలా ఏళ్లయింది. తను రోజూ పెట్టుకు తిరిగేదీ అలాంటిదే. అయినా ఇంకో ప్రశ్న వేశాడు. ఆ కర్రని నింపి దాచుకోవచ్చా? కుదరదన్నాడు మేస్త్రి. కొత్త తోలు గంటకి మించి గాలిని నిలపదు. వాడే ముందే నింపాలి. మూడు వందల యాభై స్ట్రోకులు. యాభైకోసారి ఆగి, బుడ్డికి తడిగుడ్డ చుట్టి చల్లార్చాలి. ఆగకుండా కొడితే లోపల వేడికి తోలు ముడుచుకుపోతుంది, సన్నగా బుస కొడుతుంది. "చెప్తే నవ్వింది. మేస్త్రులకి చాదస్తం ఎక్కువ అంది." ఈ సంగతి ఎవరితోనూ అనొద్దని, రేపు డెమో మామూలుగానే చెయ్యమని చెప్పి లేచాడు నత్త.

ఆ సాయంత్రం నత్త ఛీఫ్ ముందు నిలబడి చిలకని అదుపులోకి తీసుకోమన్నాడు. ఛీఫ్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. మూడేళ్లుగా ఆవిడ చెప్పిన కబురు ఒక్కటీ తప్పలేదు, ముఠాకి ఉన్న దారం అదొక్కటే. బావమరిది మాట పట్టుకుని దాన్ని తెంపలేను అన్నాడు. "రేపు గ్యాలరీలో మన షూటర్ ఉంటాడు. నువ్వు అటెండరు వేషంలో హాల్లో ఉండు. నీ టోపీ తలమీద ఉన్నంతసేపు వాడు కాల్చడు. టోపీ తలమీద లేదంటే, మేస్త్రిని కాల్చేస్తాడు. నేను చేయగలిగింది అంతే."

అది దయో శిక్షో నత్తకి తేలలేదు. ఇంటికెళ్తే భార్య, తమ్ముడు బాగా తిన్నాడా అని అడిగింది. తిన్నాడన్నాడు.

మర్నాడు ఎనిమిదింటికి సెక్యూరిటీ వాళ్లు ఆరు చేతికర్రలూ విప్పించి చూశారు. ఆరూ ఖాళీ. పదిన్నరకి చిలక దిగింది. నీలం చీర, మోచేతుల దాకా తెల్లటి గ్లవ్స్, హాలు మొత్తం ఒకసారి తలతిప్పి చూసేంత అందం. అద్దాల బీరువా దగ్గర అటెండరు టోపీలో ఉన్న నత్త పక్కన ఆగింది.

"ఈ గడియారం సరిగ్గా నడుస్తోందా?"

"ఆగిన గడియారమైనా రోజుకి రెండుసార్లు నిజం చెబుతుందమ్మా."

కోడ్ సరిపోయింది. ఆవిడ పెదవి కదపకుండా, మేస్త్రి కొవ్వొత్తి మీద గురిపెట్టి చివరి క్షణంలో పక్కకి తిప్పుతాడని, అప్పుడు ఆలోచించవద్దని చెప్పింది. తర్వాత ఒక కర్ర పిడి మెరుగు తగ్గిందంటూ బీరువా తీసి, దాన్ని పట్టుకుని వెళ్లింది. లెక్క ప్రకారం చూస్తే ఏ తప్పూ లేదు. వెళ్లేటప్పుడు బీరువాలో ఐదు. పావుగంట తర్వాత వచ్చేసరికి మళ్లీ ఆరు. పిడి తుడవడానికి పావుగంటా అనుకున్నాడు నత్త. నింపడానికైతే పావుగంట చాలదు కదా, ఆగి ఆగి నింపేవాళ్లకి.

ఆ సంగతి కాలర్ మైకులో చెప్పాడు. ఆఫీసువాళ్లు ఇచ్చిన ఇయర్‌పీస్‌లో ఛీఫ్ గొంతు బదులు వాతావరణ వార్తలు వినిపించాయి.

పదకొండుకి జడ్జిగారు వచ్చారు. పొట్టిమనిషి, నడకలో తొందర. కుర్చీ వద్దని నిలబడే ఉన్నారు. మేస్త్రి ఉతికిన చొక్కా వేసుకుని, పాత తుపాకీ భుజాన పెట్టుకుని, పది అడుగుల దూరంలో వెలుగుతున్న కొవ్వొత్తి ముందు నిలబడ్డాడు. గుండు లేదు, ఉత్త గాలితో దీపం ఆర్పుతాడు. ఒక్కసారి బావ వైపు చూశాడు. బావ అతికించుకున్న మీసం ఒకపక్క లేచినట్టుంది, ఆ కంగారులోనూ అతని మూతి వంకర తిరిగింది.

చిలక బీరువాలోంచి ఒక కర్ర తీసుకుని, దగ్గరగా చూపిస్తానంటూ జడ్జిగారి పక్కకి చేరింది.

హాలు ఊపిరి బిగబట్టింది. ఆ నిశ్శబ్దంలో మేస్త్రి తల కదిలింది. వినేవాడిలా చెవి ఒకవైపుకి వంచాడు. పసిబిడ్డ దగ్గు గుర్తుపట్టిన తల్లిలా ముఖం పాలిపోయింది. తుపాకీ గొట్టం కొవ్వొత్తి మీద నుంచి మెల్లగా జారి, జడ్జిగారి వైపు తిరిగింది.

చిలక చెప్పినట్టే. అక్షరాలా చెప్పినట్టే.

నత్త చెయ్యి టోపీ మీదికి వెళ్లింది. ఇరవై తొమ్మిదేళ్ల ట్రైనింగ్ ఆ చేతిని పట్టుకెళ్లింది. ఆలోచించవద్దంది చిలక. ఆయన జీవితంలో మొదటిసారి తొందర పడాల్సి వచ్చింది, అప్పుడే ఆగి ఆలోచించాడు. గొట్టం తిరిగింది సరే, మేస్త్రి కళ్లు ఎక్కడున్నాయి? జడ్జిగారి మీద లేవు. చిలక చేతిలోని కర్ర మీద ఉన్నాయి. అప్పుడు ఆయనకీ వినిపించింది, మూత సరిగా పడని కుక్కర్ లాంటి సన్నటి బుస.

ఒక చేత్తో టోపీని నెత్తిమీద అదిమి పట్టుకుని, రెండో చేత్తో కర్ర మీదికి దూకాడు నత్త. టోపీ ఎగిరిపోతే బావమరిది పోతాడు, కర్ర వదిలితే జడ్జిగారు పోతారు. వేళ్లకి తగిలిన పిడి అప్పుడే టీ పోసిన గ్లాసంత వేడిగా ఉంది. పైకి తోశాడు. చప్పట్లో సగం చప్పుడు. కొవ్వొత్తి ఇంకా వెలుగుతూనే ఉంది గాని, పైకప్పు నుంచి సున్నపు పెచ్చు ఊడి జడ్జిగారి భుజం మీద పడింది.

డెమో అదే అనుకుని హాలంతా చప్పట్లు కొట్టింది.

జడ్జిగారు భుజం దులుపుకుని, కర్ర పట్టుకుని పెనుగులాడుతున్న ఇద్దర్నీ చూసి, పైకప్పు చూసి, తను కూడా నెమ్మదిగా రెండు చప్పట్లు కొట్టారు. జనం కంగారు పడకూడదని ఆవిడ చేసిన ఆ పని, ఆ రోజు ఎన్ని ప్రాణాలు కాపాడిందో ఏ గణాంక శాఖా లెక్క కట్టలేదు.

ఆడవాళ్ల బాత్‌రూములో నీళ్ల తొట్టి వెనక పంపు, మార్చేసిన అసలు కర్ర దొరికాయి. గ్లవ్స్ తీయిస్తే చిలక అరచేతుల్లో ఎర్రగా బొబ్బలు. వెనక గేటు దగ్గర కూడా ఆవిడ కళ చెదరలేదు. అక్కడ ఆగి ఉన్న రెండు కార్లు చూసి, "వీటిలో మీది ఏది? ఎవరు ఎటువైపో గుర్తుంచుకోవడం నాకు కాస్త కష్టంగా ఉంది," అంది. మూడేళ్లుగా ఆవిడ రెండువైపులా, ఈ చివరిది తప్ప, ఒక్క కబురూ తప్పు చెప్పలేదు.

సంతకాలు సాయంత్రం జరిగాయి. ఛీఫ్ నత్తని ఒక్కటే అడిగాడు, మేస్త్రికి తెలుసా అని. తెలియదు సర్, కానీ తెలుసుకోవాల్సింది అన్నాడు నత్త. అలాగే రాయమన్నాడు ఛీఫ్. వాంగ్మూలం ఇవ్వాలి, వర్క్‌షాపుకి తాళం పడుతుంది, మిగతాది కోర్టు చూసుకుంటుంది. ఆలోపు ఒక పూట అక్క దగ్గర ఉండనిచ్చాడు. బావ ఎవరో తెలిసిపోయింది గనక, నోరు విప్పనని మేస్త్రి చేత కాగితం మీద సంతకం కూడా పెట్టించాడు.

కారు నత్త నడుపుతున్నాడు, మేస్త్రి పక్కన కూర్చున్నాడు. లైబ్రరీ ముందు నుంచి వెళ్తుంటే మేస్త్రి కిటికీ వైపు తిరిగాడు. చనిపోయినాయనకి పిల్లలున్నారా అని అడిగాడు. ఇద్దరని చెప్పాడు నత్త. మేస్త్రి తల వంచుకుని చేతుల్ని చూసుకున్నాడు. ఆ చేతుల్ని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు ఒకసారి ఒళ్లో, ఒకసారి పక్కన పెట్టాడు.

రెండు సిగ్నళ్లు దాటాక ఇంకోటి అడిగాడు.

"బావా, ఎంత దూరం నుంచి కొట్టారు?"

నత్త రోడ్డు మీద నుంచి చూపు తిప్పలేదు. ఆ గొంతులో ఏడుపు ఉంది. ఏడుపు అడుగున, చంపుకున్నా చావని ఇంకోటి కూడా ఉంది. అవతలి మేడ కిటికీలోంచి, పెరటి మీదుగా, నలభై రెండు గజాలు. పోలీసులు టేపు పెట్టి రెండుసార్లు కొలిచారు. రెండొందల ఏళ్లలో ఏ చేతికర్రా అంత దూరం అంత సూటిగా కొట్టి ఉండదని ల్యాబ్ వాడు ఆశ్చర్యపోయాడు. ఆ సంఖ్య వింటే ఈ మనిషి ఒక్క క్షణం పొంగిపోతాడు. ఆ ఒక్క క్షణాన్ని మిగిలిన జన్మంతా క్షమించుకోలేడు.

"పక్కనే నిలబడి కొట్టారు," అన్నాడు. "మూడు గజాలు కూడా ఉండదు."

"అంతేనా," అన్నాడు మేస్త్రి. వెనక్కి జారగిలబడి కళ్లు మూసుకున్నాడు.

ఇరవై తొమ్మిదేళ్ల సర్వీసులో నత్త చెప్పిన అబద్ధాలన్నిటికీ గవర్నమెంటు జీతం ఇచ్చింది. సొంత ఖర్చు మీద చెప్పింది అదొక్కటే.